మూత తీశాకే బేరం

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సెకండ్‌హ్యాండ్ ఖరీదైన వాచీల మీద ఈ నెల ఉత్తరాలు బరంపురం నుంచి జయపురం దాకా వచ్చాయి. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాం.

ప్రశ్న: బరంపురంలో మాది పట్టు బట్టల షాపు. భువనేశ్వర్‌లో ఒకాయన దగ్గర ఒమేగా సీమాస్టర్ 2531.80, నీలం డయల్‌ది, అమ్మకానికి ఉంది. రెండు లక్షల నలభై వేలు చెబుతున్నారు. డబ్బా, కార్డు ఉన్నాయి. వాచీ కొత్తదానిలా మెరుస్తోంది, సర్వీసింగు కూడా అయిందట. డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు ఆ మెరుపునే అనుమానించండి. 1993లో మొదలైన మోడల్ అది. ఏళ్ళ తరబడి చేతికి పెట్టుకున్న స్టీలు వాచీ మీద ఒక్క గీతా లేదంటే ఎవరో బఫ్ చక్రానికి పెట్టారనే అర్థం. బఫ్ పెట్టిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది, పోయింది మళ్ళీ రాదు. చైను తగిలించే నాలుగు కాళ్ళూ దగ్గరగా చూడండి. అద్దంలా మెరిసే భాగమూ సన్నగీతల భాగమూ కలిసేచోట అంచు స్పష్టంగా తెగినట్టు ఉండాలి. వాడిన సబ్బుబిళ్ళలా గుండ్రబడిపోయినా, నాలుగింటిలో ఒక కాలు సన్నగా ఉన్నా పాలిష్ శ్రుతి మించిందన్నమాట. గీతలున్నా అంచులు నిలిచిన వాచీకే మా ఓటు.

తర్వాత ముళ్ళు, డయల్. చీకటిగదిలో మెరిసే రంగు డయల్ గుర్తుల మీదా ముళ్ళ మీదా ఒకేలా ఉండాలి. గుర్తులు పసుపెక్కి ముళ్ళు తెల్లగా ఉంటే ముళ్ళు మార్చారు. నేరం కాదు కానీ ధర తగ్గాలి. కాలు వెనక చెక్కిన నంబరు కార్డు మీది నంబరుతో అంకె అంకె కలవాలి. ఈ మోడల్‌కు వెనక మూత నిండు స్టీలుది, దాని మీద సముద్రాశ్వం బొమ్మ ఉంటుంది. లోపలి మిషన్ కనబడేలా గాజు మూత ఉందంటే తర్వాత ఎవరో బిగించినదే, లేదా వాచీయే అసలుది కాదు.

ఇప్పుడు కీ దగ్గరికి రండి. మరలు తిప్పి బిగించే కీ ఇది. విప్పితే తనంతట తాను పైకి రావాలి, బిగించేటప్పుడు పట్టులేకుండా జారకూడదు. జారితే కీ లోపలి మరలో, కేసుకున్న గొట్టమో అరిగింది; రెండూ మార్చాల్సి వస్తుంది. కీ ఇస్తూ వాచీని చెవి దగ్గర పెట్టుకోండి. లోపలి రోటరు (చెయ్యి ఊపినప్పుడు తిరిగి వాచీకి కీ ఎక్కించే బరువు) కూడా గిర్రున తిరుగుతున్న చప్పుడు వస్తే ఆటోమేటిక్ భాగంలోని రివర్సింగ్ చక్రాలు (రోటరు ఎటు తిరిగినా కీ ఒకేవైపు ఎక్కించేవి) ఎండిపోయాయి. ‘సర్వీసింగు అయింది’ అన్న మాట అక్కడే తేలిపోతుంది. ముళ్ళను ముందుకు తిప్పి అర్ధరాత్రి దాటించండి, తేదీ పూర్తిగా మారి గడి మధ్యలో నిలవాలి. పదింటి దగ్గర ఇంకో చిన్న కీ ఉంటుంది. అది సముద్రం అడుగున హీలియం కలిసిన గాలి పీలుస్తూ రోజుల తరబడి ఉండే మునిగేవాళ్ళ కోసం పెట్టింది. మీకూ మాకూ దానితో పనిలేదు, బిగించి ఉందో లేదో చూసి వదిలేయండి.

ఇంతవరకూ పైపై చూపు. బేరం తేలేది మూత తీశాకే. మూత విప్పే సరైన పళ్ళ పనిముట్టూ, వాచీ చప్పుడు విని నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ యంత్రమూ ఉన్న మెకానిక్ దగ్గరికి అమ్మేవారితో కలిసి వెళ్ళండి. ఖర్చు మీరే పెట్టుకోండి. ‘తీస్తే వాటర్‌ప్రూఫ్ పోతుంది’ అని ఆయన అడ్డు చెబితే, కొత్త రబ్బరు వాషరు వేసి ప్రెషర్ టెస్టు చేయిస్తానని చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే రైలెక్కి ఇంటికొచ్చేయండి.

లోపల 1120 మిషన్ ఉండాలి, తొలి ఏళ్ళ వాచీల్లో 1109 ఉండవచ్చు. 1120కి పునాది, స్విస్ మిషన్ల కంపెనీ ఈటీఏ చేసే 2892-ఏ2. స్క్రూల తలల మీద గీరుళ్ళు, కీ పుల్ల చుట్టూ తుప్పు రంగు, మూత అంచున ఎండిన ఉప్పు మరక కనబడితే నీళ్ళు వెళ్ళిన వాచీ. తర్వాత యంత్రం మీద పెట్టించండి, లిఫ్ట్ యాంగిల్ (మిషన్‌ను బట్టి యంత్రానికి ముందే చెప్పాల్సిన కోణం) 51 డిగ్రీలు పెట్టమనండి. తప్పు కోణం పెడితే ఆంప్లిట్యూడ్, అంటే లోపలి బ్యాలెన్సు చక్రం ఎంత దూరం ఊగుతోందో చెప్పే అంకె, అబద్ధం చెబుతుంది. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు ఆంప్లిట్యూడ్ 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే మిషన్ ఆరోగ్యంగా ఉంది. నిలబెట్టినప్పుడు ముప్ఫై నలభై తగ్గడం సహజం. 220 కిందికి జారితే నూనె ఎండింది. బీట్ ఎర్రర్ (టిక్‌కూ టాక్‌కూ మధ్య తేడా) 0.8 మిల్లీసెకన్ల లోపు చాలు. రోజుకు ఎన్ని సెకన్లు తేడా అన్నదొక్కటే చూసి మురిసిపోకండి. నూనె ఎండిన వాచీని కూడా రెగ్యులేటరు (వేగం సర్దే మీట) కాస్త జరిపి అరగంట సేపు సరిగ్గా నడిపించవచ్చు.

సర్వీసింగు అయిందంటే తేదీ ఉన్న బిల్లు చూపాలి. బిల్లు లేకపోతే కానట్టే లెక్క. కంపెనీ కేంద్రం నుంచి ఆ మోడల్‌కు సర్వీసు ఖర్చెంతో ముందే కనుక్కుని, దాన్ని అడిగిన ధరలోంచి తీసేసి మాట్లాడండి. చైనుకు లింకులన్నీ ఉన్నాయా, మీ మణికట్టుకు సరిపోతాయా అన్నది కూడా అక్కడే చూసుకోండి. విడి లింకులు వెతుక్కోవడం ఖర్చే కాదు, విసుగు కూడా.

ప్రశ్న: ‘ఫస్ట్ కాపీ’ రోలెక్స్ పన్నెండు వేలకు ఇస్తామంటున్నారు. మిషన్ మాత్రం ఒరిజినల్ అంటున్నారు, నమ్మవచ్చా? (ఆస్కా)

జవాబు: ఫస్ట్ అయినా ఫిఫ్త్ అయినా కాపీ అంటే నకిలీ. పన్నెండు వేలకు రోలెక్స్ మిషన్‌లో ఒక చక్రం దొరికితే గొప్ప.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నాను. 1995 నాటిదని చెబుతున్న రోలెక్స్ సబ్‌మెరైనర్ 16610 చూశాను. కొత్త వాటిలా డయల్ చుట్టూ లోపలి అంచు మీద రోలెక్స్ పేరు వరసగా చెక్కి లేదు. నకిలీనా? మూత తీయిస్తే రోటరు కింద అర్ధచంద్రాకారంలో గీతలు, కాస్త బూడిదరంగు పొడి కనిపించాయి. చీకట్లో గుర్తులు మాత్రం రాత్రంతా వెలిగాయి.

జవాబు: మూడు విషయాలు రాశారు. మొదటిది భయపడాల్సింది కాదు, రెండోది బాగుచేయించుకోగలిగింది, మూడోది ఆలోచించాల్సింది.

లోపలి అంచు మీద పేరు చెక్కడం 2000 దశకం మధ్యలో మొదలైంది. 1995 వాచీకి అది లేకపోవడమే సరైనది, ఉంటేనే అనుమానం. ఆ కాలపు వాచీకి చైను విప్పి చూడాలి. పన్నెండు వైపు కాళ్ళ మధ్య మోడల్ నంబరు, ఆరు వైపు సీరియల్ నంబరు ఉంటాయి. అక్షరాలు లోతుగా, గీత గీసినట్టు శుభ్రంగా ఉండాలి. ఆమ్లంతో తినిపించినట్టు చుక్కలు చుక్కలుగా ఉంటే వదిలేయండి. ఇంచుమించు 2010 నుంచి సీరియల్ నంబర్లు వరసలో లేవు కాబట్టి ఆ తర్వాతి వాచీల వయసు నంబరు చూసి చెప్పలేం. మీరు చూసినదానికి మాత్రం చెప్పవచ్చు.

రోటరు కింద గీతలు ఈ మోడల్‌లో ఉండే 3135 మిషన్‌కు తెలిసిన జబ్బే. రోటరు ఒక సన్నని ఇరుసు మీద తిరుగుతుంది. నూనె ఎండితే ఇరుసు అరిగి, రోటరు ఒక పక్కకు వాలి కింది బ్రిడ్జిని (చక్రాలను పట్టి ఉంచే పలకను) గీకుతుంది. మీరు చూసిన పొడి ఆ గీకుడుదే. అది నూనెలో కలిసి మిగతా చక్రాల్లోకి చేరితే అరుగుదల ఇంకా పెరుగుతుంది. ఇరుసు మార్చి పూర్తి సర్వీసు చేయిస్తే వాచీ బాగుపడుతుంది. బ్రిడ్జి మీది గీతలు అలాగే ఉంటాయి, పనికి అడ్డురావు. ఈ ఖర్చును ధరలో తగ్గించమనడం న్యాయం.

రాత్రంతా వెలగడం అసలు చిక్కు. 1995లో గుర్తులకు వాడింది ట్రిటియం, రంగును వెలిగించే రేడియోధార్మిక పదార్థం. డయల్ అడుగున స్విస్ అన్న మాట పక్కన ‘టి<25’ అని ఉంటుంది, టి అంటే ట్రిటియం. ట్రిటియం బలం 12.3 ఏళ్ళకు సగమవుతుంది. ముప్ఫై ఏళ్ళకు ఐదోవంతు కూడా మిగలదు. అలాంటి డయల్ రాత్రంతా వెలుగుతోందంటే డయల్ మార్చారు, లేదా గుర్తులకు మళ్ళీ రంగు పూశారు. కంపెనీయే సర్వీసులో మార్చి ఉంటే అడుగున సాధారణంగా ‘స్విస్ మేడ్’ అని ఉంటుంది. అలాగైతే వాచీ అసలుదే, కొనవచ్చు. కాకపోతే పాత డయల్ ఉన్నదాని ధర ఇవ్వకండి. ‘టి<25’ అని రాసి ఉండి కూడా వెలుగుతుంటే అది బయటివాళ్ళ చెయ్యి. మేమైతే తీసుకోం.

ప్రశ్న: అమ్మేవారు మొత్తం నగదే కావాలంటున్నారు, కాస్త తగ్గిస్తామంటున్నారు. పరవాలేదా? (బరంపురం)

జవాబు: ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. జరిమానా పుచ్చుకున్నవారికి పడుతుంది కదా అని మీరు ధీమాగా ఉండకండి. ఆ వాచీ రేపు దొంగసొత్తని తేలితే మీ చేతిలో కాగితం ముక్క ఉండదు. బ్యాంకు ద్వారా కట్టండి. మోడల్ నంబరూ సీరియల్ నంబరూ వేసిన బిల్లు అడగండి. వ్యక్తి దగ్గర కొంటుంటే అవే వివరాలతో అమ్మకపు కాగితం రాయించి, గుర్తింపు కార్డు నకలు జతచేయించుకోండి. పది లక్షలు దాటిన చేతివాచీకి వ్యాపారి ఒక శాతం పన్ను వసూలు చేసి కట్టాలన్న నిబంధన 2025 ఏప్రిల్ 22 నుంచి ఉంది. ఆ మొత్తం మీ రిటర్నులో జమ చూపించుకోవచ్చు.

ప్రశ్న: రాయగడలో మా వాచీ మెకానిక్ నమ్మకస్తుడే. పన్నెండు వందలకు ‘పెట్రోల్ వాష్’ చేసి నూనె వేస్తానంటాడు. కంపెనీ కేంద్రం దానికి ఎన్నో రెట్లు అడుగుతోంది. అంత తేడా దేనికి?

జవాబు: మీ మెకానిక్ ఆ పన్నెండు వందలకు ఏం చేస్తాడో ముందు అడగండి. మిషన్‌ను విప్పకుండా పెట్రోల్‌లో ముంచి తీసి, పైనుంచి చుక్క నూనె వదిలేది ఒక రకం. అందులో పాత నూనె కరిగి, అరిగిన లోహపు పొడితో కలిసి రాళ్ళ (ఇరుసుల కొసలు తిరిగే కెంపు రాళ్ళ) లోపలికే చేరుతుంది. వాచీ రెండు నెలలు హుషారుగా నడుస్తుంది. ఆ పొడి కొత్త నూనెతో కలిసి గంధం నూరినట్టు ఇరుసులను నూరేస్తుంది.

సరైన సర్వీసులో చివరి స్క్రూ దాకా విప్పుతారు. బ్యాలెన్సు, పాలెట్ (చక్రాన్ని అడుగడుగునా ఆపి వదిలే కొక్కెం), చక్రాలు, బ్యారెల్ (మెయిన్‌స్ప్రింగు ఉండే డబ్బా) అన్నీ విడివిడిగా శుభ్రం చేసే ద్రావణంలో, ఆ తర్వాత కడిగే ద్రావణంలో తిప్పి ఆరబెడతారు. రాళ్ళ రంధ్రాలను మెత్తటి కర్ర మొనతో తుడుస్తారు. వాచీని నడిపే మెయిన్‌స్ప్రింగు సాధారణంగా కొత్తది వేస్తారు. నూనె ఒక్క రకం కాదు. వేగంగా తిరిగే సన్నని ఇరుసులకూ బ్యాలెన్సు రాళ్ళకూ పలచటిది (మోబియస్ 9010 లాంటిది), నిదానంగా, బరువుతో తిరిగే చక్రాలకు చిక్కటిది, పాలెట్ రాళ్ళ కొసలకు దెబ్బ తగిలినప్పుడు పలచబడి మళ్ళీ గట్టిపడే 9415, ఆటోమేటిక్ బ్యారెల్ గోడకు స్ప్రింగు అతిగా జారకుండా ఆపే బ్రేకింగ్ గ్రీజు. ఆ గోడకు మామూలు నూనె వేస్తే స్ప్రింగు నిండకముందే జారిపోతుంది, రాత్రి తీసి పెట్టిన వాచీ తెల్లారేసరికి ఆగిపోతుంది. పాలెట్ ఇరుసులకు మాత్రం నూనే వేయరు. వేస్తే ఆంప్లిట్యూడ్ పడిపోతుంది. మీ మెకానిక్‌ను ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి: పాలెట్ ఇరుసుకు ఏ నూనె వేస్తావని. ‘వేయను’ అంటే పని తెలిసినవాడే.

అలాంటివాడి దగ్గర శుభ్రం చేసే యంత్రం, టైమ్‌గ్రాఫర్, ప్రెషర్ టెస్టరు ఉంటే మంచి ధరకు మంచి పని దొరుకుతుంది. అయితే రోలెక్స్‌కు విడిభాగాలు బయట దొరకడం కష్టం, దానికి కంపెనీ కేంద్రమే దారి. ఎక్కడ ఇచ్చినా ఆర్డరు కాగితం మీద రెండు మాటలు రాయించండి: ‘పాలిష్ వద్దు’, ‘డయల్, ముళ్ళు అడగకుండా మార్చవద్దు’. వాచీ చేతికొచ్చాక ఈ రెండూ గుర్తొచ్చి లాభం లేదు. ఎన్నాళ్ళకోసారి అంటే, రోలెక్స్ దాదాపు పదేళ్ళు అంటుంది, ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళు అంటుంది. క్యాలెండరు కంటే ఆంప్లిట్యూడ్‌నే నమ్మడం మంచిది.

ప్రశ్న: తేరుబలి ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర నా డ్యూటీ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆటోమేటిక్ వాచీ మొదటి వారం బాగానే నడిచింది. ఇప్పుడు రోజుకు పన్నెండు నిమిషాలు ముందు పోతోంది. అమ్మినాయన మోసం చేశాడా?

జవాబు: ఆయన్ని తిట్టేముందు మీ ఫర్నేస్‌ను చూడండి. ఫెర్రో అల్లాయ్ ఫర్నేస్ ఎలక్ట్రోడ్లకు వేల ఆంపియర్ల కరెంటు వెళుతుంది. అంత కరెంటున్నచోట అయస్కాంత క్షేత్రం కూడా బలంగానే ఉంటుంది. మామూలు వాచీకి అయస్కాంతాన్ని తట్టుకునే ప్రమాణం మీటరుకు 4,800 ఆంపియర్లు, అంటే 60 గాస్ ప్రాంతం. దాటితే వెంట్రుకలాంటి హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది, వాచీ నిమిషాలకు నిమిషాలు ముందుకు పరుగెడుతుంది. ఒక్కసారిగా, పెద్ద మొత్తంలో ముందుకు పోవడం దీని గుర్తు. నూనె ఎండినదైతే మెల్లమెల్లగా తేడా వస్తుంది.

మందు సులువు. డీమాగ్నెటైజరు చిన్న కాయిల్ పెట్టె, ఖరీదు తక్కువే. వాచీని కాయిల్ మీద పట్టుకుని బటన్ నొక్కండి. నొక్కి ఉంచే వాచీని నెమ్మదిగా అర మీటరు దూరం తీసుకెళ్ళి అప్పుడు వదలండి. దగ్గరుండగానే బటన్ వదిలితే ఉన్నదానికి ఇంకాస్త అయస్కాంతం ఎక్కించినట్టే. మొదటిసారి లొంగకపోతే వాచీని పక్కకు తిప్పి మళ్ళీ చేయండి. అయినా మారకపోతే హెయిర్‌స్ప్రింగుకు నూనె అంటిందేమో చూపించాలి.

కానీ మర్నాడు మళ్ళీ ఫర్నేస్ దగ్గరికి పెట్టుకెళితే కథ మొదటికొస్తుంది. డ్యూటీకి క్వార్ట్జ్ వాచీ పెట్టుకుని దీన్ని ఇంట్లో ఉంచండి. మార్చుకునే ఉద్దేశం ఉంటే, 2015 నుంచి వస్తున్న ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్ వాచీలను 15,000 గాస్ దగ్గర పరీక్షించి బయటికి పంపుతారు. ఇంట్లో మాత్రం ఇండక్షన్ పొయ్యి, స్పీకరు, అయస్కాంతపు మూత ఉన్న ఫోన్ కవరు వీటికి దూరంగా పెట్టండి.

ప్రశ్న: చత్రపురంలో ఉంటాం, సెలవు దొరికితే గోపాలపురం బీచికి వెళతాం. నా పాత డైవర్ వాచీ మీద 200 మీటర్లని ఉంది. సముద్రంలో దిగవచ్చా? దాని బెజెల్ (గాజు చుట్టూ తిరిగే రింగు) కూడా ఈమధ్య తిరగడం లేదు.

జవాబు: ఆ 200 మీటర్లు కొత్తగా ఉన్నప్పటి మాట. మూత దగ్గరా, గాజు దగ్గరా, కీ గొట్టంలోనూ ఉన్న రబ్బరు వాషర్లు ఏళ్ళు గడిచేకొద్దీ బిరుసెక్కుతాయి. ప్రెషర్ టెస్టు చేయించకుండా దిగకండి. సముద్రస్నానం అలవాటున్నవారు ఏటా చేయించాలి. టెస్టు రెండు రకాలు. గాలి ఒత్తిడి పెట్టి కేసు ఎంత సాగుతోందో కొలిచేది మొదటిది, దీనికి నీళ్ళతో పనిలేదు. రెండోది, గాలి ఒత్తిడిలో ఉంచిన వాచీని నీళ్ళలోకి దించి ఒత్తిడి మెల్లగా తగ్గిస్తారు. లోపలికి దూరిన గాలి ఉంటే బుడగల వరసగా బయటికొస్తుంది. వచ్చిన మరుక్షణం పైకి లాగేయాలి, లేకపోతే గాలి పోయిన దారినే నీళ్ళు వెళతాయి. అందుకే మొదటి రకంలో నెగ్గిన వాచీకే రెండోది చేయాలి.

సముద్రం నుంచి రాగానే కీ బిగించి ఉందో లేదో చూసుకుని మంచినీళ్ళతో కడగండి. గాజు లోపల ఆవిరి కనబడిందా, ఎండలో పెట్టడం, బియ్యం డబ్బాలో పాతిపెట్టడం లాంటివి చేయకండి. ఉప్పునీరైతే ఒకటి రెండు రోజుల్లోనే కీ పుల్ల తుప్పు పడుతుంది. అదే రోజు మూత తీయించడమొక్కటే దారి.

బెజెల్ సంగతి మీ బీచి ఇసుకే చెబుతోంది. చత్రపురం తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ ఉంటాయి. పదికి లెక్కించే మోస్ కొలతలో గార్నెట్ కాఠిన్యం 7 ప్రాంతంలో ఉంటుంది, వాచీ స్టీలు దానికి తట్టుకోదు. నీలమణి గాజు 9, అది గీత పడదు. బెజెల్ కింద ఆ ఇసుక ఇరుక్కుని ఉంటుంది, బలంగా తిప్పితే లోపలి స్ప్రింగు పళ్ళు విరుగుతాయి. గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, కీ బిగించి, పావుగంట నానబెట్టి మెత్తటి బ్రష్‌తో బెజెల్ కింద తుడవండి. వాటర్‌ప్రూఫ్ మీద అనుమానముంటే నానబెట్టకుండా మెకానిక్ చేత బెజెల్ విప్పించండి.

ప్రశ్న: గుణుపురం నుంచి. మా బావగారు ఇచ్చిన ట్యాగ్ హ్యూయర్ క్వార్ట్జ్ వాచీలో సెకన్ల ముల్లు నాలుగేసి సెకన్లు గెంతుతోంది. మిషన్ పోయిందా?

జవాబు: పోలేదు, సెల్లు అయిపోవస్తోందని వాచీయే చెబుతోంది. టైము అప్పటికీ సరిగ్గానే చూపుతుంది. ఈ వారంలో మార్పించండి. 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్లే అడగండి. ఆల్కలైన్ సెల్లు వోల్టేజీ మెల్లగా జారుతూ పోతుంది. ఆగిపోయిన వాచీని సెల్లుతో సహా బీరువాలో పడేయడం మాత్రం వద్దు, కారిన ద్రవం సర్క్యూటును తినేస్తుంది. మూత వేసేముందు వాషరు కొత్తది వేయించండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో మా తాతగారి ఒమేగా సీమాస్టర్ బీరువాలో దొరికింది, కీ ఇస్తే నడుస్తోంది. డయల్ మీద మచ్చలున్నాయి. కొత్త డయల్ ప్రింటు వేయిస్తే బాగుంటుందని షాపులో అంటున్నారు. అమ్మే ఉద్దేశం లేదు. ఇది ఏ కాలం నాటిదో తెలుసుకోవచ్చా?

జవాబు: నడుస్తోంది కదా అని రోజూ పెట్టుకోకండి. బీరువాలో ఏళ్ళపాటు ఉన్న మిషన్‌లో నూనె జిగురైపోయి ఉంటుంది. సర్వీసయ్యేదాకా కీ ఇవ్వడం మానండి.

డయల్ జోలికి వెళ్ళనివ్వకండి. ఉన్న రంగును గీకి మళ్ళీ ప్రింటు వేసినవాటిని వాచీలు సేకరించేవాళ్ళు ‘ముంబై డయల్’ అని తీసిపారేస్తారు. అక్షరాలు లావుగా వస్తాయి, నిమిషాల గీతలు గుర్తులతో కలవవు, అడుగున స్విస్ మేడ్ అన్న మాట కొన్నిసార్లు మాయమవుతుంది. అతికించిన లోహపు ఒమేగా గుర్తు పోయి పెయింటు గుర్తు వస్తుంది. మచ్చలున్న అసలు డయల్ వీటన్నిటికంటే విలువైనది. గాజు మాత్రం మార్పించవచ్చు. అయితే ముందు భూతద్దంతో గాజు నడిమధ్య చూడండి. చీమ తలంత ఒమేగా గుర్తు ఉంటే అది అసలు ప్లాస్టిక్ గాజు. గీతలను పాలిష్ పేస్టుతో తుడిస్తే చాలు.

మూత తీసినప్పుడు మిషన్ మీది నంబరు రాసుకోండి. 1.7 కోట్ల దగ్గరుంటే ఇంచుమించు 1960 నాటిది, 2.2 కోట్లయితే 1965 నాటిది. నంబరు అరవైల మొదటి సంవత్సరాలకు ముందుదైతే డయల్ గుర్తులకు, ముళ్ళకు పూసింది రేడియం కావచ్చు. చేతికి పెట్టుకోవడానికి భయం లేదు కానీ ఆ పూత పొడిగా రాలితే ఊపిరిలోకి వెళ్ళకూడదు. ముళ్ళు తుడవద్దని, పూత గీకవద్దని మెకానిక్‌కు మూత తీయకముందే చెప్పండి.